కనపడలేదని రాసేవాళ్ళు కావాలి

చెట్ల సర్వేయర్ అనే ఉద్యోగం ఒకటుందని మనవాళ్ళలో చాలామందికి తెలీదు, చెప్తే "అంటే ఫారెస్ట్ డిపార్ట్‌మెంటా?" అంటారు. కాదండీ. ఇంగ్లండ్‌లో ఖాళీ జాగాలో ఇళ్ళు కట్టాలన్నా, స్కూలు ఆవరణలో ముసలి చెట్టు ఎప్పుడు పడుతుందో అని హెడ్‌మాస్టారికి నిద్ర పట్టకపోయినా, పక్కింటి ఓక్ వేర్ల వల్ల మా గోడ బీటలిచ్చిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పడ్డా, చివరికి ఫోనొచ్చేది మాలాంటి కన్సల్టెన్సీకే. మేం ఒక మనిషిని పంపిస్తాం. ఆ మనిషి చెట్టు చుట్టూ తిరిగి, కొలిచి, నైలాన్ సుత్తితో మాను మీద కొట్టి విని, ట్యాబ్లెట్‌లో ఆ చెట్టు గురించి ఒక లైను నింపుతాడు. ఒక చెట్టుకి ఒక లైను, అంతే. చెట్టు ఉంటుందా పోతుందా, ఇల్లు ఎంత పక్కకి జరగాలి, రేపు ఏదైనా జరిగితే ఎవరు కోర్టుకెళ్ళి సమాధానం చెప్పుకోవాలి, అన్నీ ఆ లైనుని బట్టే.

ఆ మనుషుల్ని ఎంచి తీసుకునే పని కొన్నేళ్ళ కిందట మా ఆఫీసులో నా నెత్తిన పెట్టారు, అందుకే ఈ గోలంతా. నాకు అర్థమైనంతలో మా లైన్లో చాలామంది అడగకూడని ప్రశ్నలు అడిగి మనుషుల్ని తీసుకుంటున్నారు. ఏ సర్టిఫికెట్లున్నాయి, లాటిన్ పేర్లు ఎన్నొచ్చు, రోజుకి ఎన్ని చెట్లు చేస్తావ్. నేను అడిగేది వేరే: ఈ చెట్టులో నువ్వు ఏం చూడలేకపోయావ్, అది చూడలేదని రాశావా లేదా? అలా రాసే అలవాటున్న మనిషి దొరికితే మిగతాదంతా నేర్పించుకోవచ్చు. ఆ అలవాటు లేనివాళ్ళకి ఎంత నేర్పినా ఏదో ఒక రోజు కొంప ముంచుతారు.

ఇది నా చాదస్తం అనుకోకండి, కోర్టులు కూడా ఈ చుట్టుపక్కలే తిరిగాయి. 2006లో ఇంగ్లండ్‌లో ఒక తీర్పొచ్చింది. ఒక ఎస్టేట్‌కి చెందిన ఆష్ చెట్టు రోడ్డు మీదకి పడింది, మోటార్ సైకిల్ మీద వస్తున్నాయన దాన్ని గుద్దుకుని గాయపడ్డాడు. ఎస్టేట్ వాళ్ళు చెట్లని ఎవరికీ చూపించలేదా అంటే, చూపించారు. కేసులో అసలు వాదన ఆ చూసిన మనిషి మీదే నడిచింది, అలాంటి చెట్టుని చూడ్డానికి సరిపడా స్థాయి ఆయనకి ఉందా అని. లేదని తేలింది, బాధ్యత వచ్చి యజమాని మీద పడింది. ఇంకోటి, 2012 జనవరి గాలివానలో సర్రే జిల్లా విట్లీలో పెద్ద లిండెన్ చెట్టు బస్సు మీద పడి డ్రైవర్‌కి తీవ్ర గాయాలయ్యాయి. అక్కడి పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, మూడేళ్ళకోసారి చెట్లు చూపిస్తూనే ఉంది, కానీ రోడ్డు పక్క అంత పెద్ద చెట్టుకి మూడేళ్ళ గ్యాప్ చాలా ఎక్కువ అని 2018లో అప్పీల్ కోర్టు తేల్చింది. అంటే చూపించాం అంటే సరిపోదు, ఎవరితో చూపించారు, ఎప్పుడు చూపించారు అని అడుగుతారు. మొదటి ప్రశ్నకి జవాబు పుట్టేది ఎక్కడ? ఉద్యోగానికి మనిషిని తీసుకునే గదిలో.

ఇలాంటి తీర్పులు చదివిన కంపెనీ ఏం చేస్తుంది? కాగితాల వెంట పడుతుంది. లాంట్రా అనే శిక్షణ సంస్థ వాళ్ళ ప్రొఫెషనల్ ట్రీ ఇన్‌స్పెక్షన్ కోర్సు ఉందా, చెట్ల చదువులో లెవెల్ 4 ఉందా, లెవెల్ 6 ఉందా, చెట్టు ప్రమాదాన్ని అంకెల్లో లెక్కేసే క్యూటీఆర్ఏ అనే పద్ధతికి లైసెన్స్ ఉందా. ఆ కోర్సులు చెడ్డవని నేననట్లేదు, వాటిల్లో పస ఉంది, నేనూ చేశాను. కానీ సర్టిఫికెట్ చెప్పేది ఏంటంటే ఆ రోజు, ట్రైనర్ పక్కనుండగా, చూడమని చూపించిన చెట్టులో చూడాల్సింది చూశాడు అని. వాన పడుతుండగా, ఒంటరిగా, సాయంత్రం నాలుగింటికి, ఇంకా ముప్ఫై చెట్లు మిగిలుండగా ఈ మనిషి ఏం చేస్తాడో అందులో ఎక్కడా ఉండదు. మా పనంతా ఆ నాలుగింటికే ఉంటుంది.

ఆ లైన్లో ఏముంటుందో కొంచెం చెప్తా, లేకపోతే నేను దేని గురించి కొట్టుకుంటున్నానో అర్థం కాదు. కట్టడాల కోసం చేసే సర్వే అయితే బీఎస్ 5837 అనే బ్రిటిష్ ప్రమాణం ఉంది, 2012 నాటిది. జాతి, ఎత్తు, నేలనుంచి 1.5 మీటర్ల దగ్గర మాను అడ్డుకొలత, నాలుగు దిక్కులా కొమ్మలు ఎంత దూరం వెళ్ళాయి, వయసు, ఒంట్లో ఎలా ఉంది, ఇంకెన్నేళ్ళు బతుకుతుంది. చివర్లో ఒక అక్షరం. ఇంకో 40 ఏళ్ళు పైన ఉండే మంచి చెట్టు "ఏ", 20 పైన అయితే బీ, 10 పైన లేదా 15 సెంటీమీటర్లు కూడా లేని చిన్న చెట్టు అయితే సీ, పదేళ్ళు కూడా నిలబడనిది యూ. వేర్ల కోసం వదలాల్సిన జాగా మాను అడ్డుకొలతకి 12 రెట్లు దూరం, చుట్టూ వలయంలాగా, ఎంత పెద్ద చెట్టయినా 15 మీటర్లు దాటదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, ఇంటర్వ్యూలో అందరూ ఇష్టంగా అడుగుతారు. ఒకే మొదలు నుంచి రెండు మానులు లేచాయి, ఒకటి 40 సెంటీమీటర్లు, ఇంకోటి 30. మొత్తం ఎంత? 70 అని కూడితే తప్పు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తియ్యాలి, 50 వస్తుంది. అంటే వలయం 6 మీటర్లు, 70 అనుకుంటే 8.4 మీటర్లు అయ్యేది. ఆ తేడా 2.4 మీటర్లు, ఇరుకు సైట్లో అది ఒక ఇల్లు కట్టడానికీ కట్టకపోవడానికీ మధ్య తేడా, ఆర్కిటెక్ట్ ఫోన్ చేసి అరిచేది కూడా దాని గురించే. సరే, ముఖ్యమే. కానీ నేను ఈ లెక్క అడగడం మానేశా, ఎందుకంటే ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. సాఫ్ట్‌వేర్ చేయలేనిదల్లా రెండో మానుని ఐవీ తీగ మొత్తం చుట్టేస్తే టేపు తీగ మీద నుంచి చుట్టి 30 అని కొట్టావా, లేక "తీగ మీద నుంచి అంచనా" అని పక్కన రాశావా అన్నది. అది మనిషే రాయాలి.

మేం పరీక్ష పెట్టేది ఒక పెద్ద బీచ్ చెట్టు కింద. పైకి చూస్తే ముచ్చటేస్తుంది, నిండా ఆకు, కొమ్మల్లో ఎండు లేదు, ఎవరికైనా "ఏ" కేటగిరీ రాయాలనిపిస్తుంది. పడమటి వైపు మొదట్లో ముళ్ళపొద ఉంది, మోకాలి పైదాకా. ఆ పొదని కాలితో తొక్కి పక్కకి నెట్టి వంగి చూస్తే, రెండు పెద్ద వేర్లు మానులో కలిసే సందులో, ఎవరో అక్కడ మంట పెట్టి వెళ్ళినట్టు నల్లగా ఒక పెచ్చు కనిపిస్తుంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది. వసంతంలో వస్తే అదే కొత్త పొర బూడిద రంగులో, అంచు తెల్లగా ఉంటుంది, అప్పుడు గుర్తుపట్టడం కొంచెం తేలిక. దాని పేరు క్రెట్జ్‌ష్మారియా, ఒక రకం శిలీంధ్రం. ఇది మొదలుని, వేర్లని లోపల పుచ్చిస్తుంది, కట్టె పెళుసు అయిపోతుంది, పైన ఆకు మాత్రం పచ్చగానే ఉంటుంది, అదే దీంతో తంటా. చాలా తెగుళ్ళలో చెట్టు పైనుంచి పల్చబడి మనకి ముందే చెప్తుంది, ఇది అలా చెప్పదు, ఒక గాలి రోజున మొదట్లో ఫట్ మని విరుగుతుంది.

ఇప్పుడు ముగ్గురు ఈ చెట్టు కిందకి వచ్చారు అనుకోండి. వేర్వేరు సార్లు వచ్చినవాళ్ళే, వివరాలు మార్చి చెప్తున్నా.

మొదటాయనకి బోలెడు అనుభవం. చకచకా కొలిచాడు, ఎత్తు ఇంచుమించు సరిగ్గా చెప్పాడు, లాటిన్ పేరు, వయసు, కేటగిరీ ఏ. మొదలు గురించి రాసే గడిలో "లోపాలు లేవు" అని రాశాడు. పొద అవతలికి వెళ్ళనే లేదు. రెండో అమ్మాయి ఎకాలజీ చదివి అప్పుడే బయటకొచ్చింది, సర్వే అనుభవం సున్నా. ఎత్తు తప్పు, వయసు కూడా అటూ ఇటూ. ఆ నల్ల పెచ్చు తనకీ కనపడలేదు, ముళ్ళల్లోకి దిగడానికి సరైన ప్యాంటు వేసుకు రాలేదు పాపం. కానీ అదే గడిలో ఇలా రాసింది: "పడమటి వైపు మొదలు పొదలో ఉంది, సుమారు మూడో వంతు కనపడలేదు. పొద కొట్టించి మళ్ళీ చూసేదాకా కేటగిరీ తాత్కాలికం." మూడో అతను చెట్లెక్కి కోసే పని చేసి చేసి భుజం నొప్పితో ఈ వైపు వద్దామనుకున్నవాడు. తిన్నగా పొదలోకి దూరిపోయాడు, రెండు నిమిషాల్లో పట్టేశాడు, పేరు కూడా చెప్పాడు. "వెంటనే కొట్టెయ్యాలి" అని రాశాడు, ఇంకేం రాయలేదు.

మొదటాయన కాగితాన్ని నమ్ముకుంటే ఆ చెట్టు కింద పిల్లల ఆటస్థలం వస్తుంది. అమ్మాయి కాగితాన్ని నమ్ముకుంటే కోత మెషీన్ పట్టుకుని ఇంకో మనిషి వస్తాడు, పొద తీస్తాడు, నల్ల పెచ్చు బయట పడుతుంది. ఇద్దరూ చూడలేదు, నిజమే. కానీ ఒక లైను తలుపు మూసేసింది, ఇంకో లైను తెరిచి పెట్టింది. నేను ఆ అమ్మాయికే ఓటేస్తా, ఎత్తు కొలవడం నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు.

మూడో అతని సంగతి వేరే, అతన్ని వదులుకోవడం కూడా తెలివితక్కువే. చెట్లు కోసినవాళ్ళ దగ్గర మనకెవ్వరికీ లేని ఒక జ్ఞానం ఉంటుంది. బయట నుంచి చూసి లోపల పుచ్చు ఇంత ఉంటుంది అనుకుని, అదే రోజు రంపంతో కోసి లోపల నిజంగా ఎంతుందో కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళే. సర్వేయర్ చెట్టుని చూసి వెళ్ళిపోతాడు, తను అనుకున్నది నిజమో కాదో చాలాసార్లు ఎప్పటికీ తెలీదు. కాబట్టి ఎక్కేవాళ్ళని తీసుకోండి, ముఖ్యంగా భుజాలు మోకాళ్ళు అరిగి ఇంక పైకెక్కలేం అనేవాళ్ళని. కాకపోతే వాళ్ళకి నేర్పాల్సింది ఒకటుంది. కొట్టెయ్యి అనే ముందు ఆ చెట్టు పడితే దేని మీద పడుతుంది అని అడుక్కోవాలి. ఎవరూ నడవని పొలం మూల అయితే పుచ్చిన బీచ్ ఉంటే ఉండనీ, గుడ్లగూబలకి, గబ్బిలాలకి, పురుగులకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు, పైగా గబ్బిలాలు ఇక్కడ చట్టం కాపాడే జీవాలు, తొర్రలో అవి ఉండగా రంపం పెడితే నేరం.

భయపడేవాళ్ళ గురించి కూడా ఒక మాట. నేషనల్ ట్రీ సేఫ్టీ గ్రూప్ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం బ్రిటన్ మొత్తమ్మీద చెట్లు, కొమ్మలు పడి చనిపోయేవాళ్ళు ఏడాదికి సగటున ఆరుగురు, ఒక మనిషికి లెక్కేస్తే కోటికి ఒకటి. అంత చిన్న ప్రమాదానికి భయపడి ప్రతి లైన్లోనూ ఏదో ఒక పని రాసే సర్వేయర్లు ఉన్నారు, ఎండుకొమ్మ తియ్యండి, తల తగ్గించండి, ఆర్నెల్లకి మళ్ళీ చూపించండి. తన మీదకి రాకుండా రాసుకోవడం అన్నమాట. "ఏ పనీ అక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టడానికి ధైర్యం కావాలి, ఇంటర్వ్యూలో అది ఉందో లేదో చూసేవాళ్ళు అరుదు. మా పరీక్షలో బీచ్ పక్కనే ఉన్న ఒక ఆరోగ్యంగా ఉన్న ఓక్ కూడా చూపిస్తాం, దానికి చెయ్యాల్సింది ఏమీ లేదు, చాలామంది మాత్రం ఏదో ఒకటి రాస్తారు.

ఇక్కడ ఒకరు నన్ను పట్టుకున్నారు, అప్పుడు జవాబు తడుముకున్నా గానీ ఇప్పుడు చెప్తా. "కనపడలేదు అని రాయడం కూడా తప్పించుకోవడమే కదా, ప్రతి రిపోర్టు మొదట్లో ఉంటుందిగా, నేలమీద నుంచి మాత్రమే చూశాం, లోపల ఏముందో మాకు తెలీదు అని?" ఉంటుంది. ఆ పేరా ప్రతి రిపోర్టులోనూ ఒకటే ఉంటుంది, కాపీ చేసి అతికించేది, క్లయింట్ చదవడు, రాసినవాడూ చదవడు. దాని వల్ల ఏ చెట్టు గురించీ ఎవరికీ ఏమీ తెలీదు. నేననేది ఆ పేరా కాదు. ఫలానా చెట్టుకి ఫలానా వైపు, ఐవీ మూడు మీటర్ల ఎత్తుదాకా ఉంది కాబట్టి దాని వెనక మాను చూడలేదు, తీగ మొదట్లో కోయించి ఎండాక రండి, అని రాయడం. అది చదివి ఇంకొకరు ఒక పని చెయ్యగలరు. ఏ వైపు, ఎంత మేర, ఏం చేస్తే కనపడుతుంది, ఈ మూడూ లేకుండా "పరిమితులు ఉన్నాయి" అని రాస్తే అది ఉత్త కవచం, దాన్ని నేనూ మార్కుల్లో లెక్కెయ్యను.

కాలాన్ని బట్టి కనపడనివి కూడా ఉంటాయి, ఇవి కొత్తవాళ్ళకి అసలు తట్టవు. ఆష్ డైబ్యాక్ తెగులు బ్రిటన్‌లో 2012లో బయటపడింది, అప్పట్నించి ఆష్ చెట్లు చూడ్డమే సగం పని అయిపోయింది. దాని తీవ్రత ఆకుని బట్టి చెప్పాలి, నడి వేసవిలో చూడాలి. చలికాలంలో ఆష్ ని నల్లటి మొగ్గల్ని బట్టి ఇట్టే గుర్తుపడతాం గానీ తెగులు ఎంత ముదిరిందో మోడు చూసి చెప్పడం కష్టం. మెరిపిలస్ అనే పుట్టగొడుగు కూడా అంతే, వేసవి చివర్లో బీచ్ మొదట్లో పెద్ద పెద్ద గుత్తులుగా వస్తుంది, మంచు పడితే కుళ్ళి కరిగిపోతుంది, ఫిబ్రవరిలో వెళ్ళినవాడికి అక్కడ ఏమీ ఉండదు. కాబట్టి ఫిబ్రవరి సర్వేలో "పుట్టగొడుగులు లేవు" అని రాస్తే అది అబద్ధం కాదు గానీ నిజం కూడా కాదు. "ఈ నెలలో కనపడవు" అని రాయాలి. అభ్యర్థిని ఏ నెలలో పరీక్షించామో ఆ నెల గురించి వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇంక రోజుకి ఎన్ని చెట్లు అనే ప్రశ్న. దీని మీద నాకు నిజంగా కోపం. రోడ్డు పక్క వరసగా నాటిన, ఒకే వయసు, ఒకే జాతి చెట్లు ఒక రకం. వందేళ్ళుగా ఎవరూ ముట్టని పాత కంచె వెంబడి కలిసిపోయి పెరిగిన చెట్లు ఇంకో రకం, అక్కడ ఒక్క చెట్టు దగ్గరకి చేరడానికే పది నిమిషాలు. కాబట్టి ఆ ప్రశ్నకి సరైన జవాబు "ఏ చెట్లు?" అని తిరిగి అడగడమే. కానీ యాడ్లలో సంఖ్య వేస్తారు, జీతానికి పైన బోనస్ దానికి ముడిపెడతారు, ఆ తర్వాత నాణ్యత లేదని మళ్ళీ వాళ్ళే ఏడుస్తారు. పొదలోకి దిగితే ఆ రోజు లెక్క తగ్గుతుంది. "చూడలేకపోయా" అని రాస్తే ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, క్లయింట్ రెండోసారి రమ్మంటే డబ్బులివ్వడు, ఇప్పుడేం చెయ్యమంటావ్ అని. రెండు నెలలు ఇలా నడిస్తే ఎంత నిజాయితీపరుడైనా "లోపాలు లేవు" అని రాయడం నేర్చుకుంటాడు. మంచి మనిషిని తీసుకుని చెడగొట్టడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. మాకు తెలిసిన ఒక కంపెనీ, పేరెందుకు గానీ, ఇలాగే ఒకేసారి పెద్ద బ్యాచ్ ని తీసుకుంది, ఏడాది తిరిగేసరికి వాళ్ళలో బాగున్నవాళ్ళ సీవీలు మా ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి.

మనుషులు దొరకట్లేదు అనేది నిజమే, కాదనను. ఆష్ తెగులు పని ఒక పక్క. 2024 ఫిబ్రవరి 12 నుంచి ఇంగ్లండ్‌లో పెద్ద ప్రాజెక్టులకి జీవవైవిధ్యం 10 శాతం పెంచి చూపించాలనే రూలు, ఏప్రిల్ నుంచి చిన్న సైట్లకి కూడా, అందులో విడి చెట్లు కూడా లెక్కలోకి వస్తాయి, దాంతో కొలిచేవాళ్ళకి గిరాకీ ఇంకా పెరిగింది. అయినా యాడ్ తెరిస్తే "కనీసం మూడేళ్ళ అనుభవం". ఆ మూడేళ్ళు ఎవరిస్తారు? అందరూ పక్కవాడు ఇవ్వాలనుకుంటారు. చెట్లెక్కిన అనుభవం తప్పనిసరి అని కూడా రాస్తారు, సర్వే అంతా నేల మీద నుంచే జరుగుతుంది మహాప్రభో. ఆ ఒక్క లైను వల్ల ఎకాలజీ నుంచి, తోటపని నుంచి, జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపుల పని నుంచి రావాల్సినవాళ్ళు, వాళ్ళలో ఆడపిల్లలు చాలామంది, అప్లికేషనే పెట్టరు. డ్రైవింగ్ లైసెన్స్ అడగండి, అది కావాలి, బస్సు వెళ్ళని చోట్లకే మా చెట్లన్నీ.

"నేర్పిస్తే వెళ్ళిపోతారు" అంటారు యజమానులు. వెళ్ళిపోతారు కొందరు. మా దగ్గర నుంచీ వెళ్ళారు, ఒకరు కౌన్సిల్‌లో ట్రీ ఆఫీసర్ అయ్యారు, ఇప్పుడు మేం పంపే రిపోర్టులు ఆవిడే చదివి తిప్పి పంపిస్తుంది, ఐవీ గురించి ఎందుకు రాయలేదు అని. నాకైతే అది నష్టంలా అనిపించలేదు. నేర్పించకపోతే ఏమవుతుంది మరి? అన్ని కంపెనీలూ అదే ఇరవై మంది చుట్టూ తిరుగుతూ, ఏటా కొంచెం ఎక్కువ జీతం చెప్పి ఒకరి దగ్గర నుంచి ఒకరు లాక్కుంటూ ఉంటారు, ఇప్పుడు జరుగుతున్నది అదే.

చెట్టు కింద పెట్టే పరీక్షకి రెండు గంటలు పడుతుంది, దానికి వచ్చినవాళ్ళకి ఆ రెండు గంటల కూలీ, రాను పోను ఖర్చులు ఇస్తాం, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇది ఖరీదు కదా అని మా అకౌంట్స్ ఆయన మొదట్లో గొణిగాడు. కొన్ని చోట్ల "ట్రయల్" అని చెప్పి నిజం సైటుకే తీసుకెళ్ళి, ఉచితంగా చెట్లు కొలిపించుకుని, ఆ లైన్లని క్లయింట్‌కి అమ్ముకుంటారని విన్నా. మీరు ఈ ఉద్యోగానికి వెళ్తుంటే ముందే అడగండి, ఇది ఎవరి సైటు, నేను రాసింది ఎక్కడికి వెళ్తుంది అని. మంచి కంపెనీ అయితే ఆ ప్రశ్నకే మీకు సగం మార్కులు వేస్తుంది. ప్యాంటు మాత్రం మందంది వేసుకెళ్ళండి.